ఓర్లాండో డిస్నీ ట్రిప్‌కి ఏ గైడ్‌బుక్ కొనాలి, ఏ యాప్ వాడాలి: పిల్లలు, పెద్దవాళ్ళతో వెళ్ళే కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటే, పిల్లలకు సెలవులు దగ్గరపడ్డాయంటే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "ఓర్లాండోకి ఫ్లైట్ టికెట్లు కొనేశాం. డిస్నీకి ఏ పుస్తకం కొనమంటావు? ఏ యాప్ వేసుకోవాలి?" అని. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం వరుసగా ఒకచోట రాస్తున్నాను.

ఇది ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ గురించి. అక్కడ నాలుగు పార్కులు: మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ వేరు, దాని నియమాలు వేరు. ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్‌కి వెళ్ళేవాళ్ళు కూడా ఈ పద్ధతినే వాడుకోవచ్చు, పేర్లూ తేదీలూ మాత్రం మారతాయి.

ఒక్క సంగతి గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. పుస్తకం ఇంట్లో కూర్చుని నిర్ణయాలు తీసుకోవడానికి, యాప్ పార్కులో నిలబడ్డప్పటికి. పార్కులో పుస్తకం తిరగేసేవాళ్ళూ, ఇంట్లో కూర్చుని యాప్‌లో వెయిట్ టైమ్‌లు చూసి కంగారుపడేవాళ్ళూ ఇద్దరూ తిప్పలు పడతారు.

1. పుస్తకం కన్నా ముందు ఒక కాగితం

ఏ పుస్తకం మంచిదో తెలియాలంటే ముందు మీ ఇల్లు ఎలాంటిదో కాగితం మీద ఉండాలి. అరగంట పని. ఇవి రాసుకోండి:

- ఒక్కొక్క పిల్లాడి ఎత్తు, అంగుళాల్లో, బూట్లు లేకుండా
- పెద్దవాళ్ళు ఆగకుండా ఎంతసేపు నడవగలరు, మెట్లు ఎక్కగలరా, మోకాళ్ళ సంగతేమిటి
- తిండి: మాంసం తినరా, గుడ్డు కూడా తినరా, ఉల్లి వెల్లుల్లి కూడా వద్దా
- చీకటి, పెద్ద శబ్దం, ఎత్తు: ఎవరికి ఏది పడదు
- ఉండేది డిస్నీ హోటల్లోనా, బయటా
- చేతిలో పార్కు రోజులు ఎన్ని (ఫ్లైట్ దిగే రోజును లెక్కలో వేయకండి)

ఎత్తు దగ్గర చాలామంది బోల్తా పడతారు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38 అంగుళాలు ఉండాలి, హాలీవుడ్ స్టూడియోస్‌లో స్లింకీ డాగ్ డ్యాష్‌కీ అంతే. టియానాస్ బయూ అడ్వెంచర్‌కి 40, స్పేస్ మౌంటెన్‌కి 44, ట్రాన్‌కి 48. మా చిన్నది ఇంట్లో గోడమీద పెన్సిల్ గీతల లెక్క ప్రకారం 38. కానీ ఆ గీత గీసినప్పుడు దాని నెత్తిమీద పిలక ఉంది. అక్కడ కొలకర్ర కింద నిలబెడితే కర్రకీ తలకీ మధ్య వేలు దూరేంత సందు. మడమలు ఎత్తి చూసింది, కుదరలేదు. తర్వాత గంటసేపు దాన్ని ఎత్తుకుని తిరిగింది నేనే. ఎత్తు ఇంట్లోనే సరిగ్గా కొలిచి, ఏ రైడ్‌కి వెళ్ళగలదో, దేనికి వెళ్ళలేదో పిల్లలకు ముందే చెప్పేయండి.

2. పుస్తకం వయసు కనిపెట్టండి

2022లో మా మొదటి ట్రిప్. లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్మేస్తుంటే డాలరుకు ఒక గైడ్ దొరికింది. కొత్తదానిలాగే ఉంది, బొమ్మలు బాగున్నాయి. విమానాశ్రయం నుంచి డిస్నీ హోటల్‌కి ఉచితంగా మ్యాజికల్ ఎక్స్‌ప్రెస్ బస్సు ఉందని రాసుంది. అమ్మానాన్నల్నీ, నాలుగు సూట్‌కేసుల్నీ వెంటేసుకుని, పుస్తకం చెప్పినట్టే బి టెర్మినల్ కింది అంతస్తుకు దిగాం. ఆ బస్సు అప్పటికి ఆరు నెలల కిందటే ఆగిపోయింది. నాన్న సూట్‌కేసు మీద కూర్చుని, "పుస్తకంలో ఉందన్నావు కదరా" అన్నారు. తప్పు పుస్తకానిది కాదు, అచ్చు తేదీ చూడకుండా కొన్న నాది.

అందుకే పుస్తకం చేతికి రాగానే కవర్ మీద ఏడాదితో పాటు లోపల కొన్ని పేర్ల కోసం వెతకండి. పేరును బట్టి వయసు బయటపడుతుంది:

- ఫాస్ట్‌పాస్ ప్లస్ (పెద్ద లైను తప్పించుకునే పాత పద్ధతి) వాడమని ఉంటే: 2020లో కోవిడ్‌కి పార్కులు మూశాక అది మళ్ళీ రాలేదు. పక్కన పెట్టేయండి.
- మ్యాజికల్ ఎక్స్‌ప్రెస్ బస్సు ఉంటే: అది 2022 మొదట్లో ఆగిపోయింది.
- స్ప్లాష్ మౌంటెన్ ఉంటే: 2023 జనవరిలో మూశారు. దాని స్థానంలో టియానాస్ బయూ అడ్వెంచర్ 2024 జూన్‌లో తెరిచారు.
- తేదీ వేసిన మామూలు టికెట్‌కి కూడా పార్కు రిజర్వేషన్ తప్పనిసరి అంటే: 2024 జనవరి 9 నుంచి ఆ అవసరం లేదు.
- జీనీ ప్లస్ కొనమంటే: 2024 జులై 24 నుంచి దాని పేరూ పద్ధతీ మారి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అయింది (డబ్బు కట్టి పెద్ద లైను తప్పించుకోవడం, వివరం ఏడో విభాగంలో).
- టామ్ సాయర్ ఐలాండ్కి పడవలో వెళ్ళమంటే: 2025 జులైలో మూసేశారు.
- యూనివర్సల్ గురించి చెబుతూ ఎపిక్ యూనివర్స్ ఊసే లేకపోతే: ఆ పార్కు తెరిచింది 2025 మే 22న.

కవర్ మీద వేసే ఏడాదికి ముందు ఏడాదే గైడ్‌బుక్ బజారులోకి వస్తుంది. రాత పని అంతకన్నా ముందే అయిపోతుంది. కాబట్టి ఎంత కొత్త పుస్తకమైనా మీరు వెళ్ళే రోజుకు కొన్ని నెలల పాతదే. దాంట్లో నమ్మదగ్గవి పార్కుల స్వభావం, రైడ్ల తీరు, నడక దూరాలు. నమ్మకూడనివి ధరలు, వేళలు, బుకింగ్ నియమాలు. వీటికి ఎప్పుడూ అధికారిక సైటే.

ఏఐ చాట్‌బాట్‌లకూ ఇదే పరీక్ష పెట్టండి. "మ్యాజిక్ కింగ్‌డమ్‌కి ఒక రోజు ప్లాన్ ఇవ్వు" అంటే గుక్క తిప్పుకోకుండా ఇస్తుంది. అందులో ఫాస్ట్‌పాస్, జీనీ ప్లస్ అనే మాటలు కనిపిస్తే అది ఏనాటి సరుకో మీకే తెలుస్తుంది. ప్లాన్ మీరు వేసుకుని, లగేజీ జాబితా దానితో రాయించుకోండి.

3. ఏ రకం పుస్తకం కొనాలి

మార్కెట్లో ఎన్ని ఉన్నా అవి రెండు రకాలు. ఒకటి డిస్నీ వాళ్ళే తెచ్చే అధికారిక గైడ్, బర్న్‌బామ్స్ పేరుతో వస్తుంది. పిల్లలకు చూపించి ఉత్సాహం తెప్పించడానికి బాగుంటుంది. కానీ సొంత దుకాణంలో సరుకు బాగాలేదని ఎవరూ బోర్డు పెట్టరు.

రెండో రకం స్వతంత్రంగా రాసేవి. ది అన్అఫీషియల్ గైడ్ టు వాల్ట్ డిస్నీ వరల్డ్ ఇందులో అందరికీ తెలిసినది. ఇటుకంత లావు. ఏ రైడ్ ఏ వయసువాళ్ళకు నచ్చుతుంది, దేన్ని వదిలేసినా ఫర్వాలేదు అన్నవి మొహమాటం లేకుండా ఉంటాయి. ఒక్కటే కొంటానంటే ఈ రకమే కొనమంటాను. లావు చూసి భయపడకండి, మొత్తం చదవక్కర్లేదు.

కొనేముందు లైబ్రరీలోనో, ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపించే పేజీల్లోనో పది నిమిషాలు ఇలా పరీక్షించండి:

- ఎత్తు నియమాలన్నీ ఒకే పట్టికలో ఉన్నాయా?
- రైడ్ ఎలా ఉంటుందన్నదే కాక, ఎలా ఎక్కాలో ఉందా? (పడవలోకి దిగాలా, కదిలే బెల్టు మీద అడుగు వేయాలా)
- "దీన్ని వదిలేయండి" అన్న సలహా కనీసం ఒక్కచోటైనా ఉందా? లేకపోతే అది గైడ్ కాదు, కరపత్రం.
- చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న కుటుంబాలకు వేర్వేరు ప్లాన్లు ఉన్నాయా?
- వెనక విషయసూచికలో వీల్‌చైర్, శాకాహారం, రైడర్ స్విచ్ (పిల్లల దగ్గర వంతులవారీగా ఉండి రైడ్ ఎక్కే పద్ధతి) దొరుకుతున్నాయా?

ఐదింటికి నాలుగు ఉంటే చాలు.

అచ్చు పుస్తకమా, ఈబుక్కా? పెద్దవాళ్ళు కూడా చదువుతారంటే అచ్చుదే కొనండి. మా నాన్న చదివి, రంగు కాగితాలు అంటించి, "ఈ స్పేస్‌షిప్ ఎర్త్ నాకు రాసి పెట్టు" అన్నారు. ఫోన్‌లో ఇస్తే ముట్టుకునేవారు కాదు. మీరొక్కరే చదువుతారంటే ఈబుక్ నయం, పేరు కొట్టి వెతుక్కోవచ్చు.

మూడు పుస్తకాలు మాత్రం కొనకండి. మూడు పుస్తకాలు మూడు మాటలు చెబుతాయి, చివరికి గొడవ మీ ఇద్దరికీ అవుతుంది.

4. లావు పుస్తకంలో ఏ వరుసలో చదవాలి

మొదటి పేజీ నుంచి మొదలుపెట్టినవాళ్ళు హోటళ్ళ దగ్గరే ఆగిపోతారు. ఈ వరుసలో వెళ్ళండి:

1. ఎప్పుడు వెళ్ళాలి. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా, ఈస్టర్ చుట్టూ, థ్యాంక్స్‌గివింగ్ వారం, ప్రెసిడెంట్స్ డే వారం: ఇసుక వేస్తే రాలదు. ఆగస్టు చివర, సెప్టెంబర్‌లలో జనం పల్చన, కానీ ఎండ మండిపోతుంది, పైగా జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ సీజన్.
2. ఎక్కడ ఉండాలి. డిస్నీకి దగ్గర్లోని కిసిమ్మీ ఊరి వైపు వంటగది ఉన్న ఇళ్ళు అద్దెకు దొరుకుతాయి. ఏడెనిమిది మంది కుటుంబానికి, పొద్దున్నే ఉప్మా లేకపోతే కుదరనివాళ్ళకు అవే గిట్టుబాటు. డిస్నీ హోటల్లో ఉంటే పార్కులోకి అరగంట ముందు వదులుతారు, లైట్నింగ్ లేన్ బుకింగ్ కూడా ముందే దొరుకుతుంది. ఈ రెండిటికీ మీరు ఎంత విలువ కడతారో చూసుకోండి.
3. రైడ్ల వివరాలు. ఇక్కడే నిదానంగా చదవాలి. ఒక్కొక్క రైడ్ పక్కన ఇంట్లోవాళ్ళ పేర్ల మొదటి అక్షరాలు రాయండి. ఒక్క అక్షరమూ పడనిది కొట్టేయండి.
4. టూరింగ్ ప్లాన్లు, అంటే రోజంతా ఏ రైడ్ తర్వాత ఏ రైడ్ అన్న వరుసలు. చివర్లో. ఉన్నదున్నట్టు పాటించడానికి కాదు, వరుస ఎందుకలా పెట్టారో అర్థం చేసుకోవడానికి.

షాపింగ్, గోల్ఫ్, స్పా అధ్యాయాల జోలికి పోకండి.

పెద్దవాళ్ళ పేజీలకు చిన్న సాయం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పార్కు చుట్టూ తిరిగే రైలు, కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్. ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్: ఇవి కుదుపు లేనివి. పీపుల్‌మూవర్ హాయిగా ఉంటుంది గానీ, ఎక్కేటప్పుడు కదిలే ర్యాంపు, కదిలే బెల్టు రెండూ దాటాలి. యానిమల్ కింగ్‌డమ్ సఫారీ కూర్చుని చూసేదే అయినా మన ఊరి మట్టిరోడ్డు మీద జీపులాగా ఎగిరెగిరి పడుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళకు ముందే చెప్పండి.

5. టూల్స్: ఒక్కో పనికి ఒక్కటి

యాప్‌లు పదిహేను వేసుకుంటే ఫోన్ నిండుతుంది, బుర్ర నిండదు. పని వారీగా ఒక్కొక్కటి చాలు.

బుకింగ్‌లకు, పార్కులో అడుగడుగునా: మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్, డిస్నీ అధికారిక యాప్. టికెట్లు, మ్యాపు, వెయిట్ టైమ్‌లు, భోజనం ఆర్డర్, లైట్నింగ్ లేన్ అన్నీ ఇందులోనే. ఇది లేకుండా లోపల పని జరగదు. కనీసం రెండు నెలల ముందే వేసుకుని, అందరి పేర్లూ ఒకే ఖాతా కింద చేర్చి, టికెట్లు ఒక్కొక్కరికీ కట్టేసి ఉంచండి. ఇంకో పెద్దవాళ్ళ ఫోన్‌లో కూడా అదే ఖాతా తెరిచి ఉండాలి.

రోజులు ఎంచుకోవడానికి: క్రౌడ్ క్యాలెండర్. టూరింగ్‌ప్లాన్స్ సైటులో ఏ రోజు రద్దీ ఎంతో ఒకటి నుంచి పది దాకా అంకె వేసి ఇస్తారు. పూర్తి సౌకర్యాలకు చందా కట్టాలి. మూడు నాలుగు రోజుల పార్కు టికెట్లకు అంత ఖర్చు పెట్టేవాళ్ళకు ఆ చందా ఒక లెక్క కాదు. ఒక్క రోజుకు వెళ్ళేవాళ్ళకు అక్కర్లేదు. ఆ అంకె అంచనాయే తప్ప జాతకం కాదు. 4 అన్నది 6 అయినా ఆశ్చర్యపోకండి, 9 అన్నది 3 కావడం మాత్రం అరుదు.

పాత వెయిట్ టైమ్‌లకు: థ్రిల్ డేటా, క్యూ టైమ్స్ సైట్లు. మీరు వెళ్ళే రోజుల్లాంటి పాత రోజుల్లో ఏ రైడ్‌కి ఏ గంటలో ఎంత లైను ఉందో కనిపిస్తుంది. ఫలానా రైడ్ పొద్దున్నా రాత్రా అన్న వాదనలు పుస్తకం కన్నా ఇది బాగా తీరుస్తుంది.

రైడ్ ఎలా ఉంటుందో చూడటానికి: యూట్యూబ్. రైడ్ పేరు కొట్టి పూర్తి వీడియో పెద్ద టీవీలో అందరికీ చూపించండి. "అమ్మో, ఇది నేనెక్కను" అన్న మాట రెండు గంటల లైను చివర వినడం కన్నా సోఫాలో వినడం మేలు.

ఇంటిల్లిపాదికీ: ఒక షేర్డ్ షీట్, ఒక వాట్సాప్ గ్రూప్. షీట్‌లో తేదీ, పార్కు, బుకింగ్ నంబర్లు. గ్రూపులో ఎవరెక్కడున్నారో.

టికెట్ల దగ్గర జాగ్రత్త. మిగిలిపోయిన రోజులున్న టికెట్లు చవకగా ఇస్తామనేవాళ్ళు తగులుతారు. డిస్నీ టికెట్ ఒకరు వాడాక ఇంకొకరికి బదిలీ కాదు. రోడ్డు పక్క బోర్డుల్లో సగం ధరకు టికెట్ అంటే చాలాసార్లు వెనక టైమ్‌షేర్ (ఏటా కొన్నాళ్ళు వాడుకునే బసలో వాటా) అమ్మకం ఉంటుంది, పొద్దునంతా ఒక గదిలో కూర్చోబెడతారు.

6. బుకింగ్ గడియారం

వెళ్ళే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని ఫోన్‌లో అలారాలు పెట్టేయండి.

- 5–6 నెలల ముందు: తేదీలు, బస, ఫ్లైట్. పుస్తకం కొనాల్సింది ఇప్పుడే.
- 90 రోజుల ముందు: పార్కు టికెట్లు. మూడేళ్ళు నిండనివాళ్ళకు టికెట్ అక్కర్లేదు. 3–9 ఏళ్ళకు పిల్లల టికెట్, పదో ఏడు వస్తే పెద్దల టికెట్టే.
- 60 రోజుల ముందు: కూర్చుని తినే రెస్టారెంట్ల బుకింగ్ తెరుస్తారు. డిస్నీ హోటల్ అతిథులు ఆ రోజే ట్రిప్‌లో పది రోజుల దాకా బుక్ చేసుకోవచ్చు. మిగతావాళ్ళు ఒక్కొక్క రోజుకీ విడిగా.
- 30 రోజుల ముందు: పార్కు వేళలు, మరమ్మతుకు మూసిన రైడ్ల జాబితా చూసి ప్లాన్ సవరించుకోండి.
- 7 లేదా 3 రోజుల ముందు: లైట్నింగ్ లేన్. డిస్నీ హోటల్లో ఉంటే బస మొదలయ్యే రోజుకు 7 రోజుల ముందు, బయట ఉంటే ఒక్కొక్క పార్కు రోజుకూ 3 రోజుల ముందు, ఉదయం 7 గంటలకు.
- ముందు రోజు రాత్రి: వేళలు మళ్ళీ ఒకసారి, వాతావరణం, ఫోన్ల చార్జింగ్.

ఆ 7 గంటలు ఈస్టర్న్ టైమ్. డాలస్‌లో మాకు ఆరు, కాలిఫోర్నియా వాళ్ళకు తెల్లవారుజాము నాలుగు.

శాకాహారులకు: మెనూలో ఆకు గుర్తు ఉంటే అందులో మాంసమే కాదు, పాలు, గుడ్డు, తేనె కూడా ఉండవు. ఉల్లి వెల్లుల్లి మానేసినవాళ్ళు విడిగా అడగాలి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సానా అనే రెస్టారెంట్ ఉంది. నాన్ లాంటి రొట్టెలు, నంజుకోవడానికి చట్నీలు, పచ్చళ్ళు ఒక పళ్ళెంలో పెడతారు. అద్దాల అవతల జిరాఫీలు తిరుగుతుంటాయి. మూడు రోజుల పిజ్జా తర్వాత మా అత్తగారి ముఖం వెలిగింది అక్కడే. 60 రోజుల అలారం దీనికోసమే పెట్టుకోండి.

బయటి తిండి డిస్నీ పార్కుల్లోకి తీసుకెళ్ళనిస్తారు. వేడి చేయాల్సిన పని ఉండకూడదు, గాజు సీసాలు కూడదు. పులిహోర డబ్బాకి అడ్డులేదు. ఆవకాయ మాత్రం గాజు సీసాలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి.

7. లైట్నింగ్ లేన్ కొనాలా, వద్దా

ఎక్కువమంది అడిగేది ఇదే, పుస్తకాలు గజిబిజి చేసేదీ ఇక్కడే. మల్టీ పాస్ అంటే మనిషికి ఇంతని రోజుకు కట్టి, మూడు రైడ్లకు ముందే సమయాలు తీసుకోవడం. వాటిలో ఒకటి వాడాక ఇంకొకటి తీసుకోవచ్చు. సింగిల్ పాస్ అంటే ట్రాన్, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ లాంటి గిరాకీ రైడ్లకు ఒక్కదానికి విడిగా కట్టేది. ధర పార్కును బట్టి, రోజును బట్టి మారుతుంది.

నా లెక్క ఇది. మొదటి విభాగంలో రాసిన కాగితం తీయండి. మీరు వెళ్ళే పార్కులో లైను ఎక్కువుండే రైడ్లలో మీ వాళ్ళు నిజంగా ఎక్కేవి నాలుగు, అంతకన్నా ఎక్కువైతే మల్టీ పాస్ కొనండి. మూడు, అంతకన్నా తక్కువైతే పొద్దున్నే వెళ్ళి ఆ డబ్బు మిగుల్చుకోండి. మ్యాజిక్ కింగ్‌డమ్, హాలీవుడ్ స్టూడియోస్‌లలో చాలాసార్లు కొనాల్సి వస్తుంది. యానిమల్ కింగ్‌డమ్‌లో మేం ఎప్పుడూ కొనలేదు.

అందరికీ కొనక్కర్లేదు కూడా. స్పేస్ మౌంటెన్ ఎక్కని తాతయ్యకు పాస్ ఎందుకు?

ఉచితంగా దొరికేది ఇంకొకటి ఉంది, రైడర్ స్విచ్. ఎత్తు చాలని పిల్లతో ఒక పెద్దవాళ్ళు బయట ఉంటారు, మిగతావాళ్ళు రైడ్‌కి వెళ్ళొస్తారు. తర్వాత బయట ఉన్నవాళ్ళు మళ్ళీ మొదటినుంచి లైను కట్టకుండా వెళ్ళొచ్చు. రైడ్ ముఖద్వారం దగ్గర నిలబడ్డ ఉద్యోగిని ముందుగా అడగాలి, అందరూ వెళ్ళొచ్చాక కాదు.

8. రోజు చీటీ రాయడం

ఇప్పుడు పుస్తకం మూసేయండి. ఒక్కొక్క పార్కు రోజుకు అరచేతిలో పట్టే ఒక చీటీ. కిసిమ్మీ ఇంట్లో దిగి మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వెళ్ళిన రోజు మా చీటీ ఇదిగో. పార్కు తెరిచేది 9కి.

- 7:30 ఇంటి నుంచి కారు
- 8:10 పార్కింగ్, అక్కడి నుంచి మోనోరైల్ లేదా ఫెర్రీ
- 8:40 గేటు దగ్గర
- 9:00 జంగిల్ క్రూజ్, తర్వాత పైరేట్స్, అందరం
- 10:30 మొబైల్ ఆర్డర్ పెట్టడం (11:15కి భోజనం)
- 12:00 పెద్దవాళ్ళూ చిన్నదీ ఏసీ షోలు. పెద్దాడూ నేనూ స్పేస్ మౌంటెన్
- 3:00 పరేడ్ (వేళ యాప్‌లో చూడాలి)
- 4:00 చిన్నదాని ఇష్టం
- 6:30 ఉండాలా, వెళ్ళిపోవాలా?

రెండు చోట్ల పుస్తకం మాట వినలేదు. ఎందుకో చెబుతాను, మీ చీటీకి పనికొస్తుంది.

మొదటిది. "తెరవగానే సెవెన్ డ్వార్ఫ్స్‌కి పరిగెత్తండి" అని పుస్తకాలు చెబుతాయి. డిస్నీ హోటల్ వాళ్ళను అరగంట ముందే ఆ రైడ్ ఉన్న ఫ్యాంటసీల్యాండ్‌లోకి వదులుతారు కాబట్టి మనం వెళ్ళేసరికి లైను అప్పటికే పెరిగి ఉంటుంది. బయట ఉండేవాళ్ళు జంగిల్ క్రూజ్, పైరేట్స్ ఉన్న అడ్వెంచర్‌ల్యాండ్ వైపు తిరగడం మేలు.

రెండోది. "మధ్యాహ్నం హోటల్‌కి వెళ్ళి పడుకుని రండి" అంటారు. పక్కనే మోనోరైల్ హోటల్లో ఉంటే అది బంగారం లాంటి సలహా. కిసిమ్మీ నుంచి వచ్చినవాళ్ళకు మాత్రం కాదు. మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కింగ్ గేటు దగ్గర ఉండదు, చెరువు దాటి అవతల ఉంటుంది. పోవడానికి గంట, రావడానికి గంట. దాని బదులు మధ్యాహ్నం రెండు గంటలు చల్లటి హాళ్ళలో షోలకు కేటాయించండి. పసివాళ్ళుంటే మెయిన్ స్ట్రీట్ చివర బేబీ కేర్ సెంటర్ ఉంది. డైపర్ మార్చడానికి, పాలివ్వడానికి ప్రశాంతంగా ఉంటుంది.

చీటీలో ఐదు పెద్ద పనులకు మించి రాయకండి. ఆఖరి వరుసలో ప్రశ్నగుర్తు తప్పనిసరి. బాణసంచా దాకా ఉండాలా అన్నది పొద్దున్నే తేల్చలేం, సాయంత్రం అమ్మ మోకాలు తేలుస్తుంది.

9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

సాయంత్రం ఆరింటికి పార్కులోంచి పంపేశారు. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా హాలోవీన్ పార్టీలు, నవంబర్, డిసెంబర్‌లలో క్రిస్మస్ పార్టీలు కొన్ని రాత్రుల్లో ఉంటాయి. వాటికి వేరే టికెట్. మామూలు టికెట్‌వాళ్ళకు ఆ రోజు మ్యాజిక్ కింగ్‌డమ్ ఆరింటికే ఆఖరు. రాత్రి బాణసంచా కావాలంటే పార్టీ లేని రోజు చూసుకోండి. బాణసంచా అక్కర్లేదంటే మాత్రం పార్టీ రోజే మంచిది, పగలు జనం తక్కువ.

నాన్నకు వీల్‌చైర్ తీసుకుంటే లైను తప్పుతుందనుకున్నాం. తప్పదు. చాలా రైడ్లలో వీల్‌చైర్‌తో అదే లైనులో వెళ్ళాలి. అయినా తీసుకోండి. రోజుకు పది కిలోమీటర్లు దాటి నడవడం అక్కడ మామూలే, "నేను నడుస్తాలే" అన్న మాట పదకొండు గంటల దాకే నిలుస్తుంది. పార్కులో అద్దెకు దొరుకుతాయి, పొద్దున్నే వెళితే.

స్ట్రోలర్ గేటు దగ్గర ఆపేశారు. 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటకూడదు. లాగే వ్యాగన్ బండ్లు అసలు పనికిరావు. ఇంట్లోనే టేపు పెట్టి చూసుకోండి.

గేటు దగ్గర అమ్మ వేలిముద్ర పడలేదు. ఏళ్ళ తరబడి అంట్లు తోమిన వేళ్ళు ఒక్కోసారి పడవు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే సరిపోతుంది, అది చేతికందేలా ఉంచుకోండి.

రెండింటికల్లా ఫోన్ చచ్చిపోయింది. టికెట్లు, ఆర్డర్లు, మ్యాపు అన్నీ అందులోనే. పవర్ బ్యాంక్ ఇద్దరి దగ్గర ఉండాలి. బుకింగ్‌ల స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపులో ముందు రాత్రే పెట్టేయండి.

యాప్‌లో 90 నిమిషాలని చూసి వెనక్కి తిరిగాం. ఆ రైడ్ పాత వెయిట్ టైమ్‌లు థ్రిల్ డేటాలో చూడండి. చాలావాటికి చివరి గంటలో లైను పడిపోతుంది. పార్కు మూసే నిమిషం ముందు లైనులో చేరినా ఎక్కనిస్తారు.

మధ్యాహ్నం ఉరుములు, రైడ్లన్నీ ఆపేశారు. ఎండాకాలం ఫ్లోరిడాలో దాదాపు రోజూ ఇంతే. మెరుపులుంటే ఆరుబయట రైడ్లు ఆపుతారు. చాలామంది ఇళ్ళకు బయలుదేరతారు, మీరు బయలుదేరకండి. సంచిలోంచి డాలర్ షాపు రెయిన్‌కోట్లు తీసి వేసుకుని లోపలి షోలో కూర్చోండి. వాన వెలిశాక యాప్ చేతిలో పట్టుకుని ఏ రైడ్ తెరిచారో చూస్తూ ఉండండి. జనం సగమే ఉంటారు, బెంచీలు మాత్రం తడిగా ఉంటాయి, ఒక తువ్వాలు తీసుకెళ్ళండి.